రెండో టెండరు బ్రహ్మం

బ్రహ్మం గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వు వస్తుంది. ఈ రెండూ అయ్యాక గానీ మాట రాదు. నరసరావుపేటలో ఇంజనీర్ల ఆఫీసు వెనక సందులో నాకో ఇంటర్నెట్ సెంటరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జెరాక్సు మిషను, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను. ఆధార్ కార్డుల దగ్గర్నుంచి పొలం అడంగళ్ళ దాకా అన్నీ తీసిస్తాను గానీ, నా అసలు బతుకుదెరువు టెండర్లు. ప్రభుత్వం పనులకి ఆన్‌లైన్ టెండర్లు వచ్చాక, కంప్యూటరు ముట్టుకోవడం రాని కాంట్రాక్టర్లంతా నా దగ్గరికొచ్చి పడ్డారు. వాళ్ళలో బ్రహ్మం ఒకడు. వచ్చాడనడం కూడా తప్పే. చాలా ఏళ్ళపాటు నా షాపుకి అతని పేరు వచ్చింది గానీ మనిషి రాలేదు.

అతనిది శావల్యాపురం అవతల ఒక చిన్న పాలెం. రాళ్ళు కొట్టుకు బతికే కుటుంబం. తండ్రి క్వారీలో సుత్తి పట్టాడు, కొడుకు తాపీ పట్టాడు. శ్రీమన్నారాయణ గారనే పెద్ద కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా చేరి, చుట్టుపక్కల మండలాల్లో చాలా గోడలు కట్టాడు. ఒకరోజు ఆ శ్రీమన్నారాయణ గారే ఇతన్ని కూర్చోబెట్టుకుని, నాలుగైదు చోట్ల సంతకాలు పెట్టించి, చిన్న పనులు చేసుకునే ఐదో తరగతి కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషను చేయించాడు. పెద్దాయన తనని పైకి తెస్తున్నాడని బ్రహ్మం మురిసిపోయాడట. పిచ్చి మనిషి.

అసలు సంగతి వేరు. ఏ పనికైనా ఒక్కడే టెండరు వేస్తే మొదటిసారి దాన్ని పక్కన పెట్టి మళ్ళీ పిలుస్తారు. అందుకని పని కావలసినవాడికి పక్కన ఇంకొకడు కావాలి. అందరికంటే తక్కువ రేటు వేసినవాడు ఎల్-వన్, పని అతనిది. తర్వాతివాడు ఎల్-టూ, అతనికి నమస్కారం. ఆ ఎల్-టూ స్థానంలో నిలబడి, కావాలని ఎక్కువ రేటు వేసి ఓడిపోవడానికి ఒక మనిషి ఉండాలి. మా దగ్గర దీన్ని సపోర్టు టెండరు అంటారు. బ్రహ్మం ఉద్యోగం అది. తన పేరు మీద ఓడిపోయి, ఆ తర్వాత గెలిచినాయన కింద కూలికి వెళ్ళి ఆ గోడ తనే కట్టేవాడు.

వెనకటి రోజుల్లో టెండరు డబ్బా ఆఫీసు వరండాలో ఉండేది. డబ్బా చుట్టూ నలుగురు బలిసినవాళ్ళు నిలబడితే చాలు, పరాయివాడు కవరు వెయ్యలేకపోయేవాడు. ఆ దౌర్జన్యం పోవాలనే ఆన్‌లైన్ పెట్టారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వేసుకోవచ్చు, ఎవరు ఎంతకి వేశారో తర్వాత ఊరందరూ చూసుకోవచ్చు. ప్రతి కాంట్రాక్టరుకీ పెన్‌డ్రైవు లాంటి చిన్న డిజిటల్ కీ ఉంటుంది, అతని సంతకం అందులోనే ఉంటుంది. అది గుచ్చి, తనకు మాత్రమే తెలిసిన పిన్ నంబరు కొడితే గానీ టెండరు కదలదు. ఇంత మంచి ఏర్పాటు చేసిపెడితే మావాళ్ళేం చేశారు? కీలన్నీ తీసుకెళ్ళి శ్రీమన్నారాయణ గారి టేబులు సొరుగులో పెట్టొచ్చారు. మా దగ్గరుంటే యాడన్నా పోద్దయ్యా అని చెప్పి మరీ పెట్టొచ్చారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారు గదా, వీళ్ళు తాళాలిచ్చి దణ్ణం కూడా పెట్టారు.

ఆయన గుమస్తా సుధీర్ ఆ కీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చి, వేరుశనక్కాయలు పోసినట్టు నా టేబులు మీద గుమ్మరించేవాడు. అందరికీ ఒకటే పిన్ను. అది నేను పెట్టింది కాదు, నన్ననకండి. ఒక్కో కీ గుచ్చడం, వాళ్ళు చెప్పిన రేటు కొట్టడం, రసీదు చేతిలో పెట్టడం, ఇదీ నా పని. టైపు కొట్టేవాడు ఉత్తరంలో ఏముందని అడుగుతాడా అనుకునేదాన్ని.

ఇదంతా ఇలాగే నడుస్తూ ఉండేది, వెంకట సాయి అనే కుర్రాడు మొన్న వేసవి సెలవుల్లో ఖాళీగా కూర్చోకపోతే. పాలెం వాడే, గుంటూరులో చదువుతున్నాడు. ఊళ్ళో సైడు కాలవ ఎవరికొచ్చిందో చూద్దామని పోర్టల్ తెరిచాడు. పాత ఫలితాలు ఎవరైనా చూడొచ్చు గదా. చూస్తే ప్రతి పనిలోనూ ఎల్-టూ బ్రహ్మం. ఇటు పెదకూరపాడులో బడి మరమ్మతు, ఎల్-టూ బ్రహ్మం. అటు గురజాల పక్కన చెక్‌డ్యామ్, ఎల్-టూ బ్రహ్మం. ఫోటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక పూలదండ బొమ్మ, “మన ఊరి ఎల్-టూ బ్రహ్మం గారికి శుభాకాంక్షలు” అని ఒక ముక్క. ఊరంతా పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే నా షాపు ముందు ఒక ఆడమనిషి ఆటో దిగింది. వెనక ఒక మగమనిషి, తలకాయ నేలలోకి పెట్టి. ఆమె బ్రహ్మం భార్య సుందరి. పాలెం బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది.

“ఇయ్యన్నీ నువ్వే ఏస్తావంట గదక్కా. ఈయన కాంట్రాక్టరా?”

“అవునమ్మా. రిజిస్ట్రేషను ఉంది.”

“ఇన్నేళ్ళబట్టి నేను కాంట్రాక్టరు పెళ్ళాన్నని నాకే తెలవదు. తెలిస్తే కాస్త పొగరుగానన్నా తిరిగేదాన్ని గదా.” మొగుడి వైపు తిరిగింది. “ఏసినోడివి ఒక్కటన్నా గెలవకుండా ఎట్టా ఏసావయ్యా?”

“గెలవటానికి ఏసినియ్యి కాదులేవే,” అన్నాడు బ్రహ్మం. “పేరడిగారు, ఇచ్చా. పేరిస్తే పోయేదేముంది?”

“పేరు తప్ప నీకేముంది?”

ఆ మాటకి నేను కూడా కంప్యూటరు మీద నుంచి చేతులు తీసేశాను. అతనికి కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి, ఒక కాలి మీద బరువు ఇంకో కాలి మీదికి మారుస్తూ, రోడ్డు మీద పోయే లారీలని చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి అలా నిలబడితే చూడలేకపోయాను. కాసేపటికి తనే నోరు విప్పాడు.

“మా ఊరి బడి ప్రహరీ టెండరు పడిందంటక్కా. అది నేనేస్తా. నాకే రావాల.”

ఆ బడికి వెనకవైపు గోడ లేదు. వాగు వైపు నుంచి పందులొచ్చి పిల్లల పళ్ళేల మీద పడతాయి, సుందరి గరిటె పట్టుకుని వాటి వెంట పరుగెత్తుతుంది. ఆ గోడ ఎవరికొచ్చినా చివరికి కట్టేది బ్రహ్మమే. అది అతనికీ తెలుసు. “ఎట్టాగూ నేనే కడతా. కట్టినోడి పేరు ఒక్కసారన్నా నాదై ఉండాలగదక్కా,” అన్నాడు.

సరే, కీ తెచ్చుకో అన్నాను. అక్కడ మొదలయ్యాయి తిప్పలు.

శ్రీమన్నారాయణ గారు కాదనలేదు. అదే ఆయన గొప్ప. “నీ కీ నీకివ్వక ఎవరికిస్తానురా, రేపు రా” అన్నాడు. రేపు వెళ్తే సుధీర్ లేడు. ఆ తర్వాత వెళ్తే సొరుగు తాళం అమ్మగారి దగ్గరుంది, అమ్మగారు మాచర్ల పెళ్ళికి వెళ్ళారు. ఇంకోసారి వెళ్తే కాఫీ ఇచ్చి, పిల్లల చదువులు అడిగి, పంపేశారు. గడువు దగ్గర పడుతోంది. బ్రహ్మం అక్కణ్ణుంచి నా షాపుకి, నా షాపు నుంచి అక్కడికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా కంప్యూటరు వంక చూసి, “ఇంకా టైముందాక్కా?” అని అడగడం. చెవిలో జోరీగ. పక్కన రైతులకి అడంగళ్ళు తీస్తుంటే కూడా అదే ప్రశ్న. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆ కీ పట్టుకుని ఊరేగుతావా? కొత్తది తెప్పిద్దాం. పాతది రద్దయిపోద్ది. ఆయన్ని సొరుగులో పెట్టి పూజ చేసుకోమను.”

“అట్టా చెయ్యొచ్చా?” అన్నాడు. చెయ్యొచ్చని ఇన్నేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు.

కొత్త కీ కావాలంటే మనిషి వీడియోలో కనబడి, పాన్ కార్డు చూపించి, తన పేరు తను చెప్పాలి. చూడ్డానికి ఇంతే. బ్రహ్మం మొదటిసారి తల వంచుకుని చెప్పాడు, మొహం కనబడలేదని తిప్పి పంపారు. రెండోసారి లారీ హారను అడ్డమొచ్చింది. మూడోసారి “నా పేరు” అని ఆగిపోయాడు. ఏమైందయ్యా అంటే, “పోయినసారి సుధీర్ పక్కనుండి చెప్పించాడక్కా” అన్నాడు. సుందరి లేచి షాపు షట్టరు సగానికి దించింది. “నీ పేరు నాకు చెప్పు, ఆ ఫోనుకి కాదు,” అంది. అతను ఆమె వంక చూసి చెప్పాడు. ఆ వీడియో ఒప్పుకున్నారు.

కీ చేతికొచ్చాక పిన్ను పెట్టాలి. “నువ్వే పెట్టక్కా, నాకు గుర్తుండదు” అన్నాడు. ఇదిగో, ఇక్కడే వీళ్ళని తన్నాలనిపిస్తుంది. నేను కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. పెట్టేదాకా తిరగనన్నాను. వెనక నుంచి ఒక్కో మీటా నొక్కుతున్న చప్పుడు వచ్చింది, మధ్యలో చాలాసేపు ఆగి. సుందరి కూడా అటు చూడలేదు. పెట్టానన్నాక తిరిగి చూస్తే, జేబురుమాలుతో అరచేతులు తుడుచుకుంటున్నాడు.

గడువు చివరి రోజు అతని పేరుతో పోర్టల్లోకి వెళ్తే మాకు ఇంకో మర్యాద ఎదురైంది. బడి ప్రహరీకి బ్రహ్మం పేరు మీద టెండరు అప్పటికే పడి ఉంది. పాత కీ రద్దు కాకముందే, కాఫీ ఇచ్చి పంపిన పూటే కాబోలు, సుధీర్ ఇంకెక్కడో కూర్చుని కానిచ్చేశాడు. తీసి నెత్తిన పెట్టుకోవాలి ఆ తెలివిని. బ్రహ్మం కళ్ళు స్క్రీను మీద అతుక్కుపోయాయి.

“నేనెయ్యకుండానే నేనేసానా?”

“వేశావు. నాయనా, గడువు లోపల పాతది తీసేసి కొత్తది వేసుకోవచ్చు. ఏడవటానికి టైము లేదు. ధరావతు కట్టు.”

ధరావతు డబ్బు సుందరి పొదుపు సంఘంలో తీసి తెచ్చింది. అది కట్టేసరికి పోర్టల్ మొరాయించింది. తిరుగుతోంది, తిరుగుతోంది, తెరుచుకోదు. సందులో నా పక్క షాపు కుల్సుం టైలరింగు మిషను ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. కరెంటు పోతే ఏమిటని నాకు భయం. నా ఫోను మోగుతూనే ఉంది, సుధీర్. ఎత్తలేదు. చివరికి పేజీ తెరుచుకుంది. రేటెంత అన్నాను. బ్రహ్మం అలవాటు కొద్దీ, “ఎంత ఎక్కువ ఎయ్యమంటారక్కా?” అన్నాడు.

నేను ఏమీ అనకముందే తనకే తెలిసింది. తల అడ్డంగా ఊపి, ప్రభుత్వం వేసిన అంచనా మీద ఎంత తక్కువకి కడతాడో చెప్పాడు. పిన్ను తనే కొట్టాడు. రసీదు ప్రింటరులోంచి బయటికి వస్తుంటే సుందరి దాన్ని సగంలోనే లాగబోయింది. చింపుతావు తల్లీ, ఆగు అన్నాను.

ఆ వారంలోనే రేట్లు తెరిచారు. ఎల్-వన్ బ్రహ్మం. శ్రీమన్నారాయణ గారు ఎల్-టూ. వెంకట సాయి ఈసారి గ్రూపులో ఏమీ పెట్టలేదు. సుందరే పెట్టింది.

శ్రీమన్నారాయణ గారు నా షాపుకి మొదటిసారి స్వయంగా వచ్చారు. అరవలేదు. కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు. “అమ్మాయ్, నీ మీద చానా నమ్మకం పెట్టుకున్నాం” అన్నారు. నా రాబడిలో సగం ఆయన సంచీలోంచే వస్తుంది. మా ఆయన మోహన్ తోలే టిప్పరు కూడా ఆయన బావమరిదిదే. అయినా నోరు ఊరుకోదు గదా. “నమ్మకం మంచిదేనండీ. ఇకనుంచి నా షాపులో ఎవరి కీ వాళ్ళే తేవాలి. ఎవరి పిన్ను వాళ్ళే కొట్టాలి. సుధీర్ సంచి తీసుకురావద్దు” అన్నాను. ఆయన నవ్వి లేచారు. మర్నాటినుంచి సంచి చిలకలూరిపేటలో ఇంకో సెంటరుకి వెళ్ళింది. మోహన్ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు, తర్వాత వేరే బండి దొరికింది. ఆ కొన్నాళ్ళూ మా ఇంట్లో నా తెలివితేటల గురించి బోలెడు మాటలు నడిచాయి. అవి ఇక్కడెందుకు.

బ్రహ్మం గోడ కట్టాడు. నేను చూసొచ్చాను. పందులు అవతల, పిల్లలు ఇవతల. పనికి ముందొక ఫోటో, మధ్యలో ఒకటి, తర్వాత ఒకటి తీసి పోర్టల్లో ఎక్కించాలి. ప్రతి ఫోటోలోనూ బ్రహ్మం ఉన్నాడు, నిటారుగా, కొత్త చొక్కాలో. నాకు చాలా సంతోషమేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా వేసింది.

ఆ చొక్కా ఇక విప్పలేదు మహానుభావుడు. నా షాపులోకొస్తే గుమ్మంలో నిలబడటం మానేసి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఫోనులో గట్టిగా మాట్లాడేవాడు. సిమెంటు కలిపే మిల్లరు ఒకటి వాయిదాల మీద కొన్నాడు. పక్క ఊరి కల్వర్టు టెండరు పడగానే, శ్రీమన్నారాయణ గారు దాని జోలికి రావడం లేదని తెలిసి, అది తనకేనని పాలెం మొత్తం చెప్పేశాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ టెండరు గడువు రోజున వచ్చి, నా టేబులు మీద ఒకటి కాదు, రెండు కీలు పెట్టాడు.

“ఇదెవరిది?” అన్నాను.

“పెదకోటయ్య బాబాయిది. నాకు సపోర్టు ఏస్తానన్నాడు. నాది తక్కువ కొట్టు, ఆయనది ఎక్కువ కొట్టు. పిన్ను నాకు తెలుసులే.”

పెదకోటయ్య నాకు పేరుగా తెలుసు. సుధీర్ సంచిలో బ్రహ్మం కీ పక్కనుండే కీ అది. అరవై దాటిన ముసలాయన, ఇప్పుడు బ్రహ్మం దగ్గరే రాళ్ళు చెక్కుతున్నాడు. బ్రహ్మం గెలిచాడని చూసి, తన కీ కూడా శ్రీమన్నారాయణ గారి దగ్గర అడిగి, రోజూ వాకిట్లో కూర్చుని మరీ తెచ్చుకున్నాడు. తెచ్చుకుని ఏం చేశాడు? తీసుకొచ్చి బ్రహ్మం చేతిలో పెట్టాడు.

నాకు మొహంలోకి రక్తం ఎక్కింది. “ఆయనేడి?”

“పనిలో ఉన్నాడు. ఎండలో ముసలాయన్ని ఎందుకక్కా తిప్పటం.”

“ఎంత ప్రేమయ్యా నీకు,” అన్నాను. “ఆయన్ని తీసుకురా. లేదంటే ఆ రెండు కీలూ తీసుకుని చిలకలూరిపేట పో. అక్కడ మీలాంటివాళ్ళు చానామంది ఉన్నారు.”

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. కుర్చీ చప్పుడయ్యేట్టు లేచాడు. “నువ్వు కూడా నన్నట్టా అంటావా అక్కా. ఒక్కడే ఏస్తే తిప్పి పంపరా? నేనేం దోచుకుంటన్నానా?” అన్నాడు. బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను. ఏ పనీ చెయ్యలేకపోయాను. అడంగలు కోసం వచ్చిన రైతుకి వేరే ఊరి కాగితం తీసి ఇచ్చి తిట్లు తిన్నాను. చాలాసేపటికి బండి చప్పుడైంది. వెనక పెదకోటయ్య, తలపాగాతో, చేతుల నిండా రాతి పొడితో.

పెదకోటయ్యని బయట కూర్చోబెట్టి, ముందు బ్రహ్మం చేత అతని టెండరు వేయించాను. అంచనా మీద కొంచెం తక్కువ, కొంచెమే. పోటీ లేదనుకున్నవాడి రేటు అది. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాక, “ఇప్పుడు నువ్వు బయట నిలబడు, బాబాయి రేటు నువ్వు చూడకూడదు” అన్నాను. నవ్వుకుంటూ టీ కొట్టుకి వెళ్ళాడు.

“నేనేం చెయ్యాలమ్మా?” అన్నాడు పెదకోటయ్య.

“ముందు పిన్ను మార్చుకో. తర్వాత ఎంతకి వేస్తావో చెప్పు.”

“బ్రహ్మం చెప్పాడు గదా, ఎక్కువ.”

“బ్రహ్మాన్ని అడగలేదు బాబాయ్, నిన్నడిగా.”

ముసలాయన నా వంకా, కంప్యూటరు వంకా చూశాడు. “తక్కువ ఏస్తే ఏమైద్ది?”

“నీకే పని వచ్చిద్ది. నువ్వే చెయ్యాలి. చెయ్యకపోతే ధరావతు పోద్ది.”

తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇద్దరు కొడుకులూ, ఒక అల్లుడూ రాతి పనిలోనే ఉన్నారని, నలుగురం కలిసి చేస్తే బయటి కూలి ఉండదని, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. తర్వాత ఒక రేటు చెప్పాడు. అది బ్రహ్మం రేటు కంటే తక్కువ.

నా చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. బాగా ఆలోచించుకున్నావా అని మాత్రం అడిగాను. “ఆలోచించే చెప్పా. రాయమ్మా,” అన్నాడు. ధరావతు అప్పటికే బ్రహ్మం సర్ది ఇచ్చాడు, సపోర్టుకని. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. పెదకోటయ్య పిన్ను కొట్టి, వేళ్ళ గుర్తులు మీటల మీద వదిలి, బస్సుకి వెళ్ళిపోయాడు.

ఇక నా అవస్థ చెప్పనలవి కాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు ఊరంతా చెప్పింది. ఇద్దరి రేట్లూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బ్రహ్మం టీ తాగి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గడువు ఇంకా ఉంది. కావాలంటే రేటు మార్చుకోవచ్చు.

“బాబాయి నేను చెప్పిందే ఏశాడుగా అక్కా?”

“ఆయన్నే అడుగు.”

ఫోను చేశాడు. ముసలాయన ఎత్తలేదు, బస్సులో వినబడలేదేమో. బ్రహ్మం ఫోను టేబులు మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

“ఇంకాస్త తగ్గించమంటావా?”

నోటిదాకా వచ్చింది. తగ్గించు నాయనా అని ఒక్క మాట అంటే చాలు. మిల్లరు వాయిదాలు గుర్తొచ్చాయి. పందుల వెంట పరుగెత్తిన సుందరి గుర్తొచ్చింది. ఈ మనిషి నాకు తమ్ముడి కంటే ఎక్కువ, కాదనను. కానీ ఆ రేటు ముసలాయనది. దాన్ని తీసి ఇతని చేతిలో పెడితే, నాకూ ఆ సొరుగుకీ తేడా ఏముంది?

“నన్నడగొద్దు. నీ పని, నీ రేటు. తగ్గిస్తే తగ్గించు, ఉంచితే ఉంచు.”

అతను లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. నేను లేచి ఫ్యాను ఆపి, మళ్ళీ వేశాను. “బాబాయి అట్టా చేసే మనిషి కాదులే,” అన్నాడు చివరికి, నాతో కాదు, గోడతో. గడువు అయిపోయింది.

మర్నాడు రేట్లు తెరిచేటప్పుడు బ్రహ్మం నా పక్కనే కూర్చున్నాడు. మొదటి పేరు పెదకోటయ్య. రెండో పేరు బ్రహ్మం. అతను స్క్రీను మీద వేలు పెట్టి, రెండు రేట్లనీ ఒకదాని కింద ఒకటి చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు.

“నీకు తెలుసు,” అన్నాడు.

“తెలుసు.”

“నేనడిగాను.”

“అడిగావు. చెప్పలేదు.”

తిడతాడనుకున్నాను. తిట్టాల్సిందే కూడా. కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నాడు. “ముసలాయన కొడుకుల్ని పెట్టుకుంటాడు. ఆ రేటుకి చేస్తాడు. చెయ్యగలడు,” అన్నాడు కాసేపటికి. “నేను కాస్త కడుపు కట్టుకుంటే ఆ రేటు నేనూ ఎయ్యగలిగేవోణ్ణి. ఎదురు ఎవరున్నార్లే అనుకున్నా.”

అప్పుడే నా ఫోను మోగింది. సుందరి. బడిలో వంట దగ్గర నుంచి చేస్తోంది, వెనక పిల్లల గోల వినబడుతోంది. స్పీకరులో పెట్టాను.

“అక్కా, ఏమైంది? ఈయన ఫోను ఎత్తటంలే.”

“రాలేదమ్మా,” అన్నాను. “ఎల్-టూ.”

ఆమె గొంతు చాలా నీరసంగా వచ్చింది. “మళ్ళీ ఓడాడా?”

బ్రహ్మం నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

“మళ్ళీ ఏందే,” అన్నాడు. “ఇన్నాళ్ళూ నేను ఓడింది యాడ? ఓడటం ఇదే మొదటిసారి.”